ఊడిన పెచ్చు తిరగేసి చూశాకే కొత్త డబ్బా కొనండి

ప్రశ్న: 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవున్న గదిలో చిన్న వర్క్‌షాప్ నడుపుతున్నాను. ఎక్కువగా చెక్క పని, అప్పుడప్పుడు వెల్డింగు. పోయినేడాది గచ్చుకి మిగిలిపోయిన ఎనామిల్ వేస్తే ఆరు నెలల్లోనే పెచ్చులుగా లేచింది. గోడల మీద పాత డిస్టెంపర్ ముట్టుకుంటే చేతికి అంటుతోంది. ఇనుప ర్యాకులు తుప్పు పట్టాయి. తలుపుకి కొట్టిన జింకు పూత రేకు మీద కూడా ఎనామిల్ నిలవలేదు. పనిబల్లకి ఏం వేయాలో తెలియడం లేదు. అన్నీ ఖరీదైనవి కొనలేను. ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ తగ్గించకూడదు?

జవాబు: ముందు మీ గచ్చు మీంచి లేచిన పెచ్చు ఒకటి తీసి, తిరగేసి చూడండి. ఆ రంగు ఎందుకు ఊడిందో దాని అడుగు చెబుతుంది. అది తెలియకుండా ఎంత మంచి రంగు వేసినా అదే దారిన పోతుంది.

పెచ్చు అడుగున సన్నటి సిమెంటు పొడి అంటుకుని ఉంటే తప్పు రంగుది కాదు, గచ్చు పైపొరది. గచ్చు వేసిన రోజున నీళ్లు ఎక్కువైనా, తాపీతో అతిగా రుద్దినా సిమెంటు పాలు పైకి తేలి, పల్చగా, బలం లేకుండా గట్టిపడతాయి. రంగు ఆ పొరను పట్టుకునే ఉంది, పొరే గచ్చును వదిలేసింది. అడుగు శుభ్రంగా, నున్నగా ఉంటే రంగు అసలు పట్టుకోనేలేదు. నూనె మరకో, అద్దంలా నునుపు చేసిన గచ్చో అందుకు కారణం. అడుగు జిగటగా తగిలితే అది సిమెంటులోని క్షారం చేసిన పని. ఎనామిల్‌లో రంగుపొడిని పట్టి ఉంచేది నూనెతో తయారైన ఆల్కిడ్ రెసిన్. క్షారం, చెమ్మ రెండూ తగిలితే ఆ నూనె సబ్బుగా మారుతుంది. సబ్బు తయారీలో జరిగే చర్యే ఇక్కడ మీ గచ్చు మీద జరుగుతుంది. ఇక పెచ్చు లేచిన చోట గచ్చు చుట్టుపక్కల కంటే ముదురుగా, తడిగా కనిపిస్తే నేల కింది నుంచి చెమ్మ పైకి వస్తోందని అర్థం.

ఎనామిల్ వేశారు కాబట్టి క్షారం సంగతి ఎలాగూ ఉంటుంది. సిమెంటు గచ్చుకి ఎనామిల్ ఎన్నటికీ సరైన రంగు కాదు, ఇంకోసారి వేయకండి. చెమ్మ ఉందా లేదా అన్నది మాత్రం పరీక్షించి తేల్చుకోవాలి. రంగు పూర్తిగా గీకేసిన రెండు మూడు చోట్ల అడుగున్నర చదరం దళసరి ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగు వైపులా సందు లేకుండా టేపు వేసి, ఒక రోజంతా వదిలేయండి. తీసినప్పుడు ప్లాస్టిక్ అడుగున నీటి చుక్కలున్నా, గచ్చు రంగు ముదిరినా ఆ నేల మీద ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ అనే రెండు భాగాలు కలిపి వేసే గట్టి పూత) వేయకూడదు. కింది నుంచి వచ్చే ఆవిరికి దారి మూసుకుపోయి పొక్కులు లేస్తాయి.

ఇప్పుడు ఖర్చు లెక్క. లీటరు ధర చూసి రంగు చవకో ఖరీదో తేల్చడం పొరపాటు. డబ్బా మీద గానీ, కంపెనీ ఇచ్చే వివరపత్రంలో గానీ ‘వాల్యూమ్ సాలిడ్స్’ శాతం ఎంతో చూడండి. తడి రంగులో ఆరాక మిగిలే భాగం అది. మిగతాదంతా గాలిలో కలిసిపోయేదే. ఆ శాతాన్ని 10తో హెచ్చించి, ఆరిన పూత ఎన్ని మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలో దానితో భాగిస్తే లీటరు ఎన్ని చదరపు మీటర్లకు వస్తుందో తెలుస్తుంది. 30 మైక్రాన్ల పూత కావాలనుకుందాం. 50 శాతం ఉన్న రంగు లీటరుకు సుమారు 16.7 చదరపు మీటర్లు వస్తుంది, 30 శాతం ఉన్నది 10 మీటర్లే. అంటే రెండోదాని ధర మొదటిదాని ధరలో 60 శాతం కంటే తక్కువైతేనే అది చవక. ఇది కాగితం మీద లెక్క. గచ్చు పీల్చుకునేదీ, రోలరుకీ బకెట్‌కీ అంటుకుపోయేదీ కలిపి 20 నుంచి 30 శాతం అదనంగా పట్టుకోండి. రంగు సాగాలని చెప్పిన కొలతకు మించి థిన్నర్ పోస్తే ఆదా ఏమీ ఉండదు, పూత పల్చబడి ఆయుష్షు తగ్గుతుంది, అంతే.

మీరు డబ్బు తగ్గించుకోగల చోట్లు మూడు: సీలింగు, గోడల పైభాగం, ఎంచుకునే రంగు. ఎరుపు, పసుపు లాంటి కొట్టొచ్చే రంగులు అడుగును సరిగా కప్పవు, రెండు కోట్లతో అయ్యే పని మూడు నాలుగు కోట్లకు పోతుంది. తెలుపు, బూడిద రంగు బాగా కప్పుతాయి. తగ్గించకూడనివి ప్రైమర్, సరైన థిన్నర్, గచ్చు సిద్ధం చేసే పని. ఈ మూడో దానికి పోయేది ఎక్కువగా మీ ఒంటి కష్టమే, కాబట్టి అక్కడ కక్కుర్తి పడడానికి కారణం కూడా లేదు.

గచ్చు దగ్గరికి వద్దాం. మొత్తం 180 చదరపు అడుగులు. లేచిన రంగును గీకుడు బ్లేడుతో ఎంత వస్తే అంత తీయండి. గట్టిగా అంటుకున్న మిగతాదాన్ని యాంగిల్ గ్రైండర్‌కి వజ్రపు కప్పు చక్రం బిగించి రుద్దాలి. ఆ పని ముందు నూనె మరకలు పోవాలి. డిటర్జెంటు కలిపిన వేడి నీళ్లతో గట్టి బ్రష్షు పెట్టి రెండు మూడుసార్లు కడిగి, మరక ఉన్న చోట నాలుగు చుక్కల నీళ్లు వేయండి. నీరు పరుచుకుని ఇంకితే సరే, పూసల్లా నిలబడితే నూనె ఇంకా ఉన్నట్టే. గ్రైండింగు అయ్యాక గచ్చు మీద చెయ్యి పెడితే ఉప్పుకాగితంలా గరుకు తగలాలి.

గచ్చును గరుకు చేయడానికి చాలామంది మ్యురియాటిక్ యాసిడ్ (హైడ్రోక్లోరిక్ ఆమ్లం) పోస్తారు. మీ గదిలో అది వద్దనే మా సలహా. యాసిడ్ ఎనామిల్‌ని తినదు, కాబట్టి రంగున్న చోట ఏ పనీ జరగదు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. దాని ఆవిరి మూసిన గదిలో ఒక్క రాత్రిలో రంపాల మీద, చిత్రిక బ్లేడుల మీద, యంత్రాల పట్టాల మీద తుప్పు తెస్తుంది. గ్రైండింగుతోనూ జాగ్రత్త అవసరం. సిమెంటు ధూళిలో ఉండే సిలికా ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. ముక్కుకి కట్టుకునే గుడ్డ దాన్ని ఆపలేదు. ముఖానికి బిగుతుగా అమరే ఎన్95 గానీ, అంతకంటే మెరుగైనది గానీ పెట్టుకోండి. గ్రైండర్‌కి వ్యాక్యూమ్ తగిలించే తొడుగు అద్దెకి దొరికితే తీసుకోండి. పొడి చీపురుతో మాత్రం ఊడ్చకండి.

చెమ్మ పరీక్ష నెగ్గితే రెండు భాగాల ఎపాక్సీ వేయొచ్చు. నెగ్గకపోయినా, లేదా ఎపాక్సీకి డబ్బు చాలకపోయినా సిలికేట్ హార్డెనర్ మంచి మార్గం. దాని గురించి ఎక్కువమంది చెప్పరు కానీ చిన్న వర్క్‌షాప్‌కి ఇచ్చిన డబ్బుకి తగ్గ ఫలితం దానిదే. ఇది పైన పొరగా నిలిచే రంగు కాదు. సోడియం లేదా లిథియం సిలికేట్ ద్రావణం గచ్చులోకి ఇంకి, అక్కడి సున్నంతో కలిసి రాయిలా గట్టిపడుతుంది. పొరే లేదు కాబట్టి పెచ్చు ఊడే ప్రశ్న లేదు, గచ్చు నుంచి దుమ్ము రేగడం ఆగుతుంది. శుభ్రమైన, పాత రంగు జాడ లేని గచ్చు మీద పోసి, 20 నుంచి 30 నిమిషాలు తడి ఆరకుండా బ్రష్షుతో తిప్పుతూ ఉండాలి. ఆ తర్వాత మిగిలినదాన్ని కడిగి తీసేయాలి. కడగకుండా వదిలేస్తే తెల్లగా గడ్డకట్టి, మళ్లీ రుద్దితే తప్ప పోదు. నూనె మరకలను ఇది పూర్తిగా ఆపలేదని తెలిసి వేసుకోండి.

మీరు వెల్డింగు చేసే మూలకి ఎలాగైనా సిలికేటే వేయండి. ఎపాక్సీ మీద నిప్పురవ్వలు పడితే మాడి గుంటలు పడతాయి, ఆ పొగ పీల్చడం కూడా మంచిది కాదు.

ఎపాక్సీ వేసే మాటైతే, 50 శాతం ఘనపదార్థం ఉన్న రకం మొదటి పల్చటి కోటుకి, పైన రెండు కోట్లకి కలిపి మీ గచ్చుకి 7 లీటర్ల దాకా పడుతుంది. ఈ పనిలో చెడేది ఎక్కువగా కలపడం దగ్గరే. రెసిన్, హార్డెనర్ నిష్పత్తి డబ్బా మీద ఉంటుంది. అది పరిమాణం ప్రకారమా, బరువు ప్రకారమా అన్నది చూసుకోండి, రెండూ ఒకటి కావు. త్వరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పోయకండి. రెసిన్‌లో ప్రతి భాగానికీ జతపడే హార్డెనర్ ఇంత అని ఉంటుంది, జత దొరకనిది అలాగే మిగిలి గచ్చు ఎప్పటికీ జిగటగా ఉంటుంది. అలా అయిందంటే మొత్తం గీకి తీయడమే, పైన ఇంకో కోటు వేస్తే బాగుపడదు. ఒక బకెట్‌లో కలిపాక అంచులు, అడుగు గీకి ఇంకో శుభ్రమైన బకెట్‌లోకి ఒంపి మళ్లీ కలపండి. బకెట్ గోడలకి అంటుకుని కలవకుండా మిగిలిన రెసినే తర్వాత అక్కడక్కడ జిగట మచ్చలుగా తేలుతుంది.

కలిపాక కాసేపు ఆగమని కొన్ని రకాల మీద రాసి ఉంటుంది, ఆగండి. వాడదగ్గ సమయం ఎంతో కూడా చూడండి, ఎండాకాలం అది బాగా తగ్గిపోతుంది. కలిపిన ఎపాక్సీ బకెట్‌లో ముద్దగా ఉంటే తన వేడికి తానే ఉడికి గట్టిపడుతుంది కాబట్టి ఒక్కసారే ఎక్కువ కలపకండి. అరగంటలో పరవగలిగినంతే కలపండి. మొదటి కోటు దాని సొంత థిన్నర్‌తో పల్చన చేసి గచ్చులోకి ఇంకనివ్వండి. తర్వాతి కోటు సాధారణంగా 16 నుంచి 24 గంటల్లోపు పడాలి. గడువు దాటితే కింది పొర బిగిసిపోయి కొత్త పొర పట్టదు, 120 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు పోయేలా రుద్దాల్సిందే. చల్లటి, తేమ ఎక్కువున్న రోజుల్లో వేస్తే పైన జిడ్డులాంటి పొర ఏర్పడుతుంది. దాన్ని కాగితంతో రుద్దితే ఇంకా పూసినట్టవుతుంది. ముందు గోరువెచ్చటి సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక రుద్దండి.

రెండో కోటు తడిగా ఉండగానే సన్నటి ఇసుక పల్చగా చల్లి, మూడో కోటుతో కప్పితే కాలు జారదు. రంపపు పొట్టు పడే గదిలో నున్నటి ఎపాక్సీ ప్రమాదమే. లేత బూడిద రంగు తీసుకోండి, కింద పడిన స్క్రూ కంటికి కనిపిస్తుంది. తలుపు దగ్గర నేరుగా ఎండ పడే చోట ఎపాక్సీ పసుపెక్కి పైపైన పొడి అవుతుంది. బలం మాత్రం అంత త్వరగా పోదు. మర్నాటి నుంచి నడవొచ్చు గానీ, బరువైన యంత్రాలు జరపడానికి, నూనె ఒలకడానికి 7 రోజులు ఆగండి.

గోడల పని తేలిక. చేతికి అంటే డిస్టెంపర్ మీద ఏం వేసినా డిస్టెంపర్‌తో సహా ఊడుతుంది. నీళ్లతో తడిపి గీకి, స్పాంజితో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. నల్లగుడ్డతో రుద్దితే తెల్లటి పొడి రాకూడదు. ఆ మీద గోడలోకి ఇంకే సిమెంటు ప్రైమర్ ఒక కోటు. తెల్లటి ఉప్పు పూత ఎక్కడైనా కనిపిస్తే పొడి బ్రష్షుతో దులిపి, ముందు నీరెక్కడి నుంచి వస్తోందో ఆపండి. చెమ్మ గోడకి పైన ఏ రంగూ మందు కాదు. కింది 4 అడుగుల మేర చెయ్యి, చెక్క, నూనె తగిలేవి కాబట్టి కడగదగ్గ యాక్రిలిక్ ఎమల్షన్ కొంచెం మెరుపున్నది తీసుకోండి. మీ గదికి ద్వారాలు పోగా రెండు కోట్లకి 3 నుంచి 4 లీటర్లు చాలు. పైభాగం, సీలింగుకి మెరుపు లేని చవక రకం తెల్ల ఎమల్షన్ సుమారు 8 లీటర్లు. అక్కడ మెరుపు లేకపోవడమే మంచిది, లైటు కళ్లలోకి తిప్పికొట్టదు.

ఇనుప ర్యాకులకి వరస ముఖ్యం. ముందు జిడ్డు తుడవాలి, తర్వాతే తుప్పు. వైరు బ్రష్షు ముందు పెడితే జిడ్డు ఇనుము గరుకులోకి రుద్దుకుపోయి, దాని మీద ప్రైమర్ నిలవదు. టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, గుడ్డ మార్చి మళ్లీ తుడవండి. తర్వాత వైరు బ్రష్షు, ఆపైన 80 నంబరు ఎమెరీ కాగితం. వెల్డింగు దగ్గర మడ్డి, చిందిన గుండ్లు ఉలితో కొట్టేయండి, తుప్పు మళ్లీ మొదలయ్యేది అక్కడే. శుభ్రం చేసిన ఇనుమును ఉత్త చేత్తో ముట్టకుండా అదే రోజు ప్రైమర్ వేయాలి. రాత్రంతా వదిలేస్తే కంటికి కనపడని తుప్పు మళ్లీ పట్టేస్తుంది.

లోపల పొడిగా ఉండే ర్యాకులకి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ సరిపోతుంది, తడి తగిలేవైతే జింకు ఫాస్ఫేట్ రకం మెరుగు. ‘రెడ్ లెడ్’ అన్నది వేరు, అది సీసం, కొనకండి. అంచులకి, మూలలకి, అతుకులకి ముందుగా కుంచెతో ఒక గీతలా వేసి, ఆ తర్వాత మొత్తం వేయండి. తడి రంగు పదునైన అంచుల నుంచి వెనక్కి లాక్కుంటుంది, అందుకే తుప్పు ఎప్పుడూ అంచుల్లో తేలుతుంది. రెడ్ ఆక్సైడ్ వేసి అలాగే వదిలేసే అలవాటు చాలాచోట్ల ఉంది. ప్రైమర్‌లో రంగుపొడి ఎక్కువ, రెసిన్ తక్కువ, తేమ దానిలోంచి దూరుతుంది. పైన రెండు కోట్ల ఎనామిల్ పడాలి, ఎనామిల్‌కి సరైన చోటు ఇదే. ఒక్కసారే దళసరిగా పూస్తే పైతోలు ముందు ఆరి, లోపల పచ్చిగా ఉండి ముడతలు పడుతుంది. పల్చగా వేసి మర్నాడు రెండోది వేయండి. కలపాల్సింది మినరల్ టర్పెంటైన్. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ కలిపితే, లేదా ఆరిన ఎనామిల్ మీద ఎన్‌సీ లాకర్ కొడితే కింది పొర ఉబ్బి లేస్తుంది. సామాను సర్దడానికి వారం ఆగండి, లేకపోతే డబ్బాలు రంగుకి అతుక్కుంటాయి.

తలుపు రేకు మీద ఎనామిల్ ఊడడానికి కూడా కారణం సబ్బే, ఈసారి జింకు సబ్బు. ఆల్కిడ్ నూనెతో జింకు చర్య జరిపి, రంగుకీ రేకుకీ మధ్య పెళుసు పొర తయారవుతుంది. పాతది పూర్తిగా గీకి, డిటర్జెంటుతో కడిగి, గరుకు స్క్రబ్బరుతో పైపైన మాత్రమే రుద్దండి, జింకు పొర పోకూడదు. దాని మీద జింకు రేకుకి పనికొస్తుందని రాసి ఉన్న ప్రైమర్, ఆపైన బయటి గోడలకి వాడే యాక్రిలిక్ ఎమల్షన్ రెండు కోట్లు. ముందు అరచేతి వెడల్పున వేసి, వారం తర్వాత బ్లేడుతో రేకు తగిలేదాకా ఇంటూ గుర్తు గీసి, టేపు గట్టిగా నొక్కి లాగండి. గీతల పక్కన రంగు రాకపోతే మొత్తం తలుపు వేసుకోవచ్చు. ఈ టేపు పరీక్ష ర్యాకులకీ, గోడలకీ కూడా పనికొస్తుంది.

పనిబల్లకి ఎనామిల్ గానీ మందపాటి వార్నిష్ గానీ వద్దు. సుత్తి దెబ్బకి పెచ్చు లేస్తుంది, బాగుచేయాలంటే మొత్తం గీకాలి. ఉడికించిన అవిసె నూనె (డబ్బా మీద ‘బాయిల్డ్’ అని ఉండేది), ఆయిల్ వార్నిష్, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపి గుడ్డతో ఒత్తుగా పూయండి. 15, 20 నిమిషాలు ఇంకనిచ్చి, పైన మిగిలినదంతా పొడి గుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే జిగట ఎన్నాళ్లైనా పోదు. రోజుకొకటి చొప్పున మూడు కోట్లు. గీత పడితే ఆ చోట మాత్రమే రుద్ది మళ్లీ పూస్తే చాలు.

ఆ గుడ్డల విషయంలో మాత్రం ఏమరుపాటు వద్దు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ ఆరుతుంది, ఆ చర్యలో వేడి పుడుతుంది. ఉండచుట్టి మూల పడేస్తే వేడి బయటికి పోలేక గంటల్లో దానంతటదే నిప్పంటుకుంటుంది. పక్కనే రంపపు పొట్టు ఉన్న గదిలో ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. ప్రతి గుడ్డనూ ఆరుబయట విప్పి పరిచి గట్టిపడేదాకా ఆరబెట్టండి, లేదా నీళ్లున్న ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి. థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువు, నేలనంటి పాకుతుంది. అందుకే కిటికీ ఒక్కటే తెరిస్తే చాలదు, తలుపు కింది దాకా తెరిచి ఉంచండి. గచ్చుకి ఎపాక్సీ వేసే రోజు, ర్యాకులకి రంగేసే రోజు వెల్డింగు, గ్రైండింగు రెండూ ఆపాలి. ఎపాక్సీ చర్మానికి పదేపదే తగిలితే జీవితాంతం ఎలర్జీ పట్టుకోవచ్చు, నైట్రైల్ చేతితొడుగులు వేసుకోండి. అంటితే సబ్బుతో కడగండి, థిన్నర్‌తో తుడవకండి.

ఇంకొక్క మాట, యంత్రాలకి సిలికోన్ స్ప్రే కొట్టే అలవాటుంటే రంగు పని అయ్యేదాకా మానేయండి. దాని తుంపర ఎక్కడ పడితే అక్కడ రంగు చేపకన్నులా గుంటలు పడి విడిపోతుంది.

ఒకేసారి అన్నీ చేయలేకపోతే ఈ వరసలో పోండి. ముందు గచ్చు గ్రైండింగు, ఎందుకంటే ఆ దుమ్ము కొత్త రంగుల మీద పడకూడదు. తర్వాత సీలింగు, గోడలు, ర్యాకులు, తలుపు. గచ్చుకి పూత చివర్లో. మధ్యలో నెల రెండు నెలలు ఆగినా నష్టం లేదు, అయితే పూత వేసే ముందు గచ్చును మళ్లీ కడిగి, నీటి చుక్క పరీక్ష ఇంకోసారి చేయండి. మిగిలిన ఎనామిల్‌ని నిండుగా పట్టే చిన్న డబ్బాలోకి మార్చి, రంగు మీద ఆనేలా ప్లాస్టిక్ కాగితం పరిచి మూత బిగిస్తే పైన తోలు కట్టదు. డబ్బా మీద తేదీ, రంగు నంబరు, ఎక్కడ వేశారో రాసి పెట్టుకోండి.